వెనక చక్రం

సుధీర్ బాబు తన కుర్చీని వందన బల్ల దగ్గరికి ఈడ్చుకొచ్చాడంటే ఏదో పని అంటగట్టబోతున్నాడన్నమాటే. నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద, పురుగుమందుల కొట్టు పై అంతస్తులో వాళ్ళ ఆఫీసు. నలుగురు మనుషులు, ఆరు కంప్యూటర్లు, కింది నుంచి ఎప్పుడూ వచ్చే మందు వాసన. బయటి కంపెనీలకు ఫోన్ ఆటలు తయారుచేసి ఇవ్వడం వాళ్ళ పని. సుధీర్ బాబు యజమాని.

"బెంగుళూరు వాళ్ళు ట్రాక్టర్ ఆట అడుగుతున్నారు. ఆటంటే ఆట కాదులే, డ్రైవింగ్ నేర్పేది. ఉచితంగా దొరికే ఇంజిన్ మీదే చెయ్యాలంట. చక్రాలకి ఏ ప్లగిన్ మంచిదో మనల్ని తేల్చమన్నారు. నాలుగు పేర్లిచ్చారు. శుక్రవారం సాయంత్రానికి నాలుగింటినీ పోల్చిన షీటు పంపాల."

"ఏ నాలుగు సార్?"

"అందులో నీదొకటి ఉంది," అన్నాడు సుధీర్ బాబు నవ్వుతూ. "ఇంకో ముక్క కూడా విను. ఏది తేలిద్దో, దాన్ని చూసుకునే మనిషిని మూడేళ్ళు వాళ్ళే ఉద్యోగంలోకి తీసుకుంటారంట. నేనేం అడ్డుపడను. నిన్ను ఇట్టా బటన్లు గీయించటం నాకూ బాగోలేదు."

మంగళవారం పొద్దున అలా మొదలైంది. రెండేళ్ళుగా వందన ఆ ఆఫీసులో చేస్తున్నది నిజంగా బటన్లు గీయడమే. ఇలాంటి పిలుపు కోసమే ఆమె కాచుక్కూచుంది. మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినకుండా పనిలో పడింది.

గేమ్ ఇంజిన్‌లో బండి బొమ్మ ఉంటుంది గానీ బండి నడక ఉండదు. గుంతలో పడితే ఎంత కుంగాలి, బరువెక్కితే ఎటు ఒరగాలి, బురదలో చక్రం ఎప్పుడు జారాలి, ఇవన్నీ ఎవరో ఒకరు విడిగా రాసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడతారు. దాన్ని తెచ్చి ఇంజిన్‌కు తగిలించుకోవాలి. అదే ప్లగిన్. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఒక్కటే షరతు, మొదట రాసినవాడి పేరు చెరపకూడదు. ఎవరు ఏ రోజు ఏ అక్షరం మార్చారో ఆ ప్లగిన్ పేజీలోనే చిట్టాగా పడుతూ పోతుంది.

వందన ముందు ఒక పొలం తయారుచేసింది. వానకు తడిసిన నల్లరేగడి, పక్కన కాలవ కట్ట, కట్ట మీద నుంచి పొలంలోకి దిగే ఏటవాలు దారి. ఒకే ట్రాక్టరు, దాని వెనక ఒకే ట్రక్కు, ట్రక్కులో నలభై మిరప టిక్కీల, అంటే బస్తాల, బరువు. చక్రాలు మాత్రం నాలుగు రకాలు. ఒక్కోదాన్నీ పాతిక సార్లు దింపి, జారిన దూరం, కుంగిన లోతు, ఫోన్ వేడెక్కిన తీరు రాసుకుంటూ పోయింది. జర్మనీలో పదిమంది కలిసి చేసిన 'రోడ్‌రిగ్' బరువుగా నడిచింది, పాత ఫోన్లలో ఆగి ఆగి కదిలింది. బ్రెజిల్ నుంచి ఒకతను పెట్టిన 'సాఫ్ట్ యాక్సిల్' తారురోడ్డు మీద బాగుంది, రేగట్లో చతికిలబడింది. మిగిలినవి రెండు. ఒకటి 'బండి'. ఇంకోటి 'బండి-2'.

షీటులో 'బండి' వరసను ఆమె ఇలా నింపింది. చివరి మార్పు: నాలుగేళ్ళ క్రితం. జవాబు లేని ఫిర్యాదులు: అరవై రెండు. చూసుకునేవారు: ఎవరూ లేరు.

ఆ చివరి మాట దగ్గర వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. 'బండి' రాసిన మనిషి ఐజాజ్, గురజాలలో మోటార్‌సైకిల్ మెకానిక్. కరోనా ఏడాది షెడ్డు మూతపడితే, పక్కింట్లో ఇంజనీరింగ్ చదువుతున్న వందన లాప్‌టాప్ ముందు కూర్చుని ఇదంతా నేర్చుకున్నాడు. పేజీ తెరిచి పెట్టింది వందనే. అతని ఫోన్ పోయి, దాంతో సిమ్మూ పాస్‌వర్డూ పోయి, ఆ పేజీని మార్చే దారి లేకుండా పోయింది. ఆమెకేమో ఇంటర్వ్యూలు ముంచుకొచ్చాయి. ఐజాజ్ బాగుచేసి పంపిన ఫైళ్ళు పెట్టి ఇంకో పేజీ తెరిచింది, రాసినవారు అన్న చోట తన పేరు వేసుకుంది. ఇంటర్వ్యూలు అయ్యేదాకానే అనుకుంది. మూడేళ్ళయింది. ఈ మధ్యలో నాన్నకు బదిలీ అయి వాళ్ళు గురజాల నుంచి వచ్చేశారు. 'బండి-2'కు పదకొండు వందల మంది నచ్చిందని చుక్క గుర్తు నొక్కారు.

'ఎవరూ లేరు' అన్న మాటను అలాగే ఉంచి ఆమె కింది వరసకు దిగింది.

బుధవారం 'బండి-2' దింపినప్పుడు వెనక ఎడమ చక్రం వణికింది. ట్రక్కు ఖాళీగా ఉంటే ఏమీ లేదు. నలభై టిక్కీలూ ఎక్కించి కట్ట దిగేసరికి చలిజ్వరం వచ్చినట్టు గడగడలాడింది. వందనకు ఇది కొత్త కాదు. ఎనిమిది నెలలుగా ఆమె పేజీలో ఇదే ఫిర్యాదు, రకరకాల దేశాల నుంచి. వచ్చినప్పుడల్లా స్క్రీన్‌షాట్ తీసి ఐజాజ్ వాట్సాప్‌కు పంపేది. అంతకుముందు రెండేళ్ళూ పని సాఫీగా నడిచింది. ఆమె పంపేది, అతను రెండు మూడు రోజుల్లో బాగుచేసిన ఫైలు పంపేవాడు, ఆమె పేజీలో ఎక్కించేది. ఈ ఎనిమిది నెలల్లో పదకొండు స్క్రీన్‌షాట్లు వెళ్ళాయి. అన్నిటికీ నీలం టిక్కులు పడ్డాయి. ఒక్కదానికీ జవాబు లేదు.

చూసి కూడా పలకలేదని వందనకు చాలా కోపంగా ఉండేది. అలాగని ఫోన్ చేసిందీ లేదు. ఫోన్ చేస్తే బాగోగులు అడగాలి, వదిన గురించి అడగాలి, ఆ తర్వాత అతను పేజీ గురించి అడుగుతాడు.

ఆ పూటంతా తనే బాగుచేద్దామని కూర్చుంది. ఒక సంఖ్య పెంచితే చక్రం రాయిలా బిగుసుకుపోయింది, తగ్గిస్తే నేలలోకి దిగిపోయింది. మూడేళ్ళుగా తనదని చెప్పుకుంటున్న దాంట్లో ఏ సంఖ్య ఎందుకుందో ఆమెకు తెలియదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి సాయంత్రం ఆరయింది. ఆరున్నరకు సుధీర్ బాబు దగ్గరికి వెళ్ళి రేపు సెలవు కావాలంది.

"షీటు?"

"దాని పని మీదే సార్."

గురువారం గురజాల బస్సెక్కింది. పిడుగురాళ్ళ దగ్గర సున్నం బట్టీల దుమ్ము కిటికీలోంచి వచ్చి చున్నీ మీద తెల్లగా పడింది. దారంతా ఐజాజ్ మీద వెయ్యాల్సిన నిందలన్నీ వరసగా పేర్చుకుంది. ఎనిమిది నెలలన్నా, ఒక్క మాట చెప్పలేకపోయావా అని మొదలుపెట్టాలనుకుంది. మనిషి తప్పులో ఉన్నప్పుడు ఎదుటివాడి తప్పు ఎంత స్పష్టంగా కనబడుతుందో!

షెడ్డు అదే చోట ఉంది. రేకుల కింద చెక్కబల్ల మీద ఐజాజ్ కూర్చుని ఉన్నాడు. ముందు ఐదారు పెరుగు డబ్బాలు, వాటి నిండా నట్లు. ఒక్కో నట్టూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పి చూసి ఒక్కో డబ్బాలో వేస్తున్నాడు. ఎదురుగా ఒక రైతు పాత మోటార్‌సైకిల్ స్టార్ట్ చేసి పట్టుకున్నాడు.

"రేజ్ చెయ్. ఇంకొంచెం. చాల్లే, ఆపు," అన్నాడు ఐజాజ్ తల ఎత్తకుండా. "చెయిన్ కాదు మామా. బేరింగ్ పోయింది. సాయంత్రం రా."

"ఐజాజ్ అన్నా," అంది వందన.

అతను తల ఎత్తాడు. ఆమె వైపు కాకుండా, ఆమెకు కాస్త కుడిపక్కగా చూశాడు.

"ఎవరూ... వందనేనా? ఒసేయ్ సుల్తానా, వందనొచ్చింది! కుర్చీ ఎయ్."

తయారుగా పెట్టుకున్న నిందలన్నీ వందన నోట్లోనే ఆగిపోయాయి. అతని భార్య సుల్తానా లోపలి నుంచి కుర్చీ తెచ్చి, చీర చెంగుతో దుమ్ము దులిపి వేసింది. మనిషి చిక్కిపోయింది.

"ఎప్పటినుంచి వదినా?"

"ఏడాది పైమాటే," అంది సుల్తానా. "షుగరంట. గుంటూరు తీసకపోయాం, కళ్ళలో సూదులేయించాం. ముందు కుడిది పోయింది, తర్వాత ఎడమది."

"వెలుతురుందో లేదో తెలిసిద్ది, అంతే," అన్నాడు ఐజాజ్. వేరేవాళ్ళ బండి రిపేరు గురించి చెప్పినట్టు చెప్పాడు. "చేతులున్నయ్, చెవులున్నయ్. పని ఆగలా. నువ్వు పంపినయ్ మాత్రం నా వల్ల కాలేదు తల్లీ. ఏమనుకున్నావో ఏమో."

సుల్తానా ఫోన్ తెచ్చి చూపించింది. పదకొండు స్క్రీన్‌షాట్లు, ఒకదాని కింద ఒకటి. "వచ్చినప్పుడల్లా తెరిచి ఈయన ముందు పెట్టేదాన్ని. ఏం రాసుందే అంటాడు. అంతా ఇంగ్లీషు. నాకు తెలుగే కూడబలుక్కుని చదవాల. మునుపు నోటితో చెప్పి పంపేదానివిగా వందనా, అట్టా చెప్పినా బాగుండేది."

నిజమే. కాలేజీ రోజుల్లో 'అన్నా, బండి ఇట్టా ఊగుతోంది' అని మాట రికార్డు చేసి పంపేది. ఆఫీసులో చేరాక నలుగురి మధ్య ఫోన్లో గురజాల యాసలో మాట్లాడటం నామోషీ అనిపించి స్క్రీన్‌షాట్లలోకి దిగింది. గుడ్డివాడికి ఎనిమిది నెలలు బొమ్మలు పంపి, పైగా అతని మీద కోపం తెచ్చుకుంది.

"ఇప్పుడన్నా చెప్పు. ఏమయింది బండికి?" అన్నాడతను.

"లోడు మీద కట్ట దిగుతుంటే వెనక చక్రం వణుకుతోందన్నా."

"ఎట్టా? పక్కకా, పైకీ కిందికా?"

"పైకీ కిందికి. గబగబా."

ఐజాజ్ లేచి, బల్ల అంచు పట్టుకుని నాలుగడుగులు వేసి, రైతు వదిలిపోయిన మోటార్‌సైకిల్ సీటు తడుముకున్నాడు. "ఇట్టా రా. చెయ్యి పెట్టి అదుము. గట్టిగా. వదులు." సీటు దిగి, లేచి, మళ్ళీ దిగి, మళ్ళీ లేచింది. "దిగేటప్పుడు ఎంత తేలిగ్గా దిగిందో లేచేటప్పుడూ అంతే తేలిగ్గా లేచింది. షాకబ్జార్లో ఆయిల్ పోయింది దీనికి. ఇప్పుడు ఇది చూడు." పక్కనున్న ఇంకో బండి సీటు మీద ఆమె చేతిని తనే పెట్టాడు. అది దిగి, నిదానంగా లేచి ఆగిపోయింది. "తెలిసిందా? లేచేటప్పుడు పట్టుకోవాల. బరువుంటే ఇంకా పట్టుకోవాల. నేను రాసింది ఖాళీ బండి మీద. దిగేదానికీ లేచేదానికీ ఒకే నంబరు పెట్టా. అదీ నా తప్పు. లాప్‌టాప్ తెచ్చావా?"

"తెచ్చానన్నా."

"చక్రం ఫైలు తెరువు. పైనుంచి నువ్వు చదువుకుంటూ రా. నేను ఆపమంటా."

వందన చదవడం మొదలుపెట్టింది. షెడ్డు బయట ఆటోలు పోతున్నాయి. ఐజాజ్ తల వంచుకుని, వేళ్ళతో మోకాలి మీద ఏదో లెక్క వేసుకుంటూ విన్నాడు. కొన్ని చోట్ల ఆమె కంటే ముందే తర్వాతి వరస అతని పెదవుల మీద కదిలింది. వంద వరసలు దాటాక, "ఆగు. అక్కడ," అన్నాడు. "ఆ నంబరును రెండుగా విడగొట్టు. దిగేదానికి ఉన్నదే ఉంచు. లేచేదానికి దాని మీద పడ్డ బరువును బట్టి పెరిగేట్టు రాయి."

ఆరు వరసలు. ఆమె కొట్టింది, పొలం తెరిచింది, నలభై టిక్కీలు ఎక్కించి ట్రాక్టర్ దింపింది. వెనక చక్రం కట్ట దిగి, ఒకసారి కుంగి, నిమ్మళంగా లేచి నిలబడింది.

"ఆగిందా?" అన్నాడు ఐజాజ్.

"ఆగిందన్నా."

అతను పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వుమొహంతో ఉన్నాడు. "పేజీ ఎట్టా ఉంది మనది? జనం వస్తన్నారా?"

"వస్తున్నారు. పదకొండు వందల మంది చుక్క పెట్టారు."

"విన్నావా సుల్తానా! పదకొండొందలంట!" అని లోపలికి కేకేశాడు. తర్వాత గొంతు తగ్గించి, కాస్త సిగ్గుపడుతూ అడిగాడు. "పైన నా పేరుంటదిగా. ఒక్కసారి చదివి వినిపించవా? పాత ఫోన్ పోయిందగ్గర్నుంచి పేజీ చూళ్ళేదు."

లాప్‌టాప్ ఆమె ఒళ్ళో తెరిచే ఉంది. తెర మీద పెద్ద అక్షరాలతో ఉన్నది ఆమె పేరు. వందన దాన్నే చూస్తూ చదివింది.

"బండి-2. ట్రాక్టర్లకూ బరువు బండ్లకూ చక్రాల ప్లగిన్. రాసినవారు, షేక్ ఐజాజ్, గురజాల."

"గురజాల అని కూడా ఉందా?"

"ఉందన్నా."

బస్టాండు దాకా సుల్తానా వెంట వచ్చింది. "సూదులేసే డాక్టరుక్కూడా అదే చెబుతాడు వందనా, నా బండి దేశదేశాల్లో తోలతన్నారని. కళ్ళు పోయినోడి మాటలని వాళ్ళు నవ్వుతారు. సత్తెనపల్లి నుంచి ఆదివారం మా తమ్ముడు నాగూర్ వలి వస్తన్నాడు. వాడికి ఇంగ్లీషొచ్చు. వాడి చేత ఆ పేజీ చదివించి వీడియో తీయిస్తా. డాక్టరుకి చూపిస్తా."

వందన బస్సెక్కి నరసరావుపేట వచ్చేసింది. రాత్రికి ఒక నిర్ణయానికి వచ్చింది. అది పశ్చాత్తాపమా, నాగూర్ వలి భయమా అంటే రెండూ ఉన్నాయి. ఏది ఎంతన్నది ఆమె తేల్చుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని 'బండి-2' పేజీలో తన పేరు తీసేసి, గురువారం చదివిన వాక్యాన్ని చదివినట్టే రాసింది. తర్వాత షీటు తెరిచింది. రేగట్లో, బరువు మీద, పాత ఫోన్లో, మూడింటా 'బండి-2'దే మొదటి స్థానం. వణుకు లేదు. చూసుకునేవారు అన్న గడిలో తన పేరు చెరిపి ఇలా రాసింది. 'రాసినది ఐజాజ్, మెకానిక్. ఇప్పుడు చూపు లేదు. చదివి వినిపిస్తే సరిచేయగలడు. చదివి వినిపించడానికి నేనున్నాను.' 'బండి' వరసలోని 'ఎవరూ లేరు' కూడా కొట్టేసింది.

సుధీర్ బాబు అది రెండుసార్లు చదివాడు.

"ఏంది వందనా ఇది? కళ్ళు లేనాయన చూసుకుంటాడని రాస్తే ఎవడు తీసుకుంటాడు? నీ పేరుంటే నీకొచ్చే నష్టమేంది?"

"నాది కాదు సార్ అది. ఎప్పుడూ కాదు."

రెండేళ్ళ క్రితం సుధీర్ బాబు ఆ పేజీ చూసే ఆమెను పనిలో పెట్టుకున్నాడు. ఆ మాట మాత్రం అనలేదు. "నీ ఇష్టం," అని షీటు పంపేశాడు.

గంటలోపే బెంగుళూరు నుంచి జవాబొచ్చింది. పోలిక చాలా బాగా చేశారనీ, అయితే వెనక బృందం ఉన్నది కావాలి కాబట్టి రోడ్‌రిగ్ తీసుకుంటున్నామనీ రాశారు. వందన బాత్‌రూమ్‌లోకి పోయి ఏడ్చింది. బెంగుళూరు ఉద్యోగం చేజారినందుకే ఏడ్చింది, అందులో గొప్పతనమేమీ లేదు. కానీ మొహం కడుక్కుని బయటికి వచ్చాక మూడేళ్ళలో మొదటిసారి తేలిగ్గా ఉన్నట్టు తోచింది. పేరు అతనిదయింది. ఇక ఎవరు చదివినా అదే ఉంటుంది. గురువారం ఆడిన అబద్ధం శుక్రవారానికి నిజమైపోయిందని ధైర్యం తెచ్చుకుంది.

ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళమ్మ ప్రేమమ్మ ఎవరితోనో మాట్లాడుతుంటే వందన గేటు దగ్గర చెప్పులు వేసుకుంటోంది. ఫోన్ మోగింది. ఐజాజ్ నుంచి మాట రికార్డు. ఫోన్ చెవికి ఆనించుకుంది.

"వందనా. నాగూర్ వలి వచ్చాడు. పేజీ చదివాడు. నా పేరుంది, గురజాల కూడా ఉంది. నువ్వు చదివినట్టే ఉంది, అక్షరం తేడా లేదు." వెనక ఎక్కడో స్పానర్ కింద పడ్డ చప్పుడు. "కింద మార్పుల చిట్టా ఉంటదంటగా. వాడు అదీ చదివాడు. ఆ పేరు శుక్రవారం మధ్యాహ్నం పెట్టారంట. గురువారం నువ్వు నాకు చదివిందేంది తల్లీ?"

అంతే. ఇంకేమీ లేదు.

వాళ్ళమ్మ పిలుస్తోంది. జనం పక్కనుంచి పోతున్నారు, ఒకరిద్దరు పలకరించారు కూడా. వందన మైకు బొమ్మ మీద బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకుంది. సెకన్లు తిరిగాయి. స్క్రీన్‌షాట్ పంపడానికి ఇది వీలైన సంగతి కాదు.

"అక్కడ నా పేరుందన్నా," అంది. "మూడేళ్ళ నుంచీ నా పేరే ఉంది. నీకు కనపడదని అట్టా చదివాను."

వేలు తీసింది. ఒక టిక్కు పడింది, రెండో టిక్కు పడింది. ఇల్లు చేరి, అన్నాలు తిని, ఎండ వాలే వేళకు టిక్కులు నీలమయ్యాయి. సాయంత్రం దాకా చూసింది, మర్నాడు ఆఫీసులోనూ చూసింది. జవాబు రాలేదు. ఈసారి ఆమెకు కోపం రాలేదు.